కరువు గాదెలో దొరికిన పుస్తకం

“చదువు” అంది అమ్మ.

నేను పుస్తకాన్ని తాకలేదు. హాలు మధ్యలో మామయ్య పెట్టినచోటే ఉంది అది. ప్లాస్టిక్ సంచీలో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి ఉంది. చుట్టూ నాలుగైదు వడ్లగింజలు రాలాయి.

“పొద్దున్నుంచీ అందరూ దాని చుట్టూ తిరుగుతున్నారు. కరవదుగా. చదువు.”

పొద్దున జరిగింది తలుచుకుంటే నాకింకా ఒళ్ళు జలదరిస్తోంది. మా ముంగిట్లో స్తంభాల మీద నిలబెట్టిన రెండు గాదెలున్నాయి. ఒకటి వాడుక గాదె. రెండోది కరువు గాదె. పంట పోయిన ఏడాదికో, ఊళ్ళో దిక్కులేని వాళ్ళకో తప్ప దాన్ని తెరవకూడదు. ఏడేళ్ళుగా తెరవలేదు కూడా. కానీ మూడు నెలల నుంచీ తెల్లవారుజామున ఆ గాదెలో ఎవరో దగ్గుతున్నారని అమ్మ ఒకటే గోల. చూపు పోయినవాళ్ళకి చెవులు బాగా పనిచేస్తాయని మా ఆయన అనేవాడు. చెవులూ కాదు, ఏమీ కాదు, చాదస్తమని నేను కొట్టిపారేసేదాన్ని. నిన్న సాయంత్రం అన్నాల దగ్గర అమ్మ కంచం తోసేసింది. గాదె తెరిస్తేనే ముద్ద ముట్టుకుంటానంది. సరే, పొద్దున్నే తెరిచారు.

నిచ్చెన వేసి మా ఆయన జమ్రిస్ ముందు ఎక్కాడు. మామయ్య కట్టిన తాడుముడి ఏడేళ్ళనాటిది, వేసింది వేసినట్టే ఉంది. విప్పి, తలుపు తీసి, తల లోపలికి పెట్టి అలాగే ఉండిపోయాడు. ఏముందని మామయ్య కింద నుంచి రెండుసార్లు అడిగినా పలకలేదు.

వడ్ల మీద గుంట ఉంది. మనిషి పక్కకి ఒత్తిగిలి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటే పడేంత గుంట. తల ఆనిన చోట ఒక పల్లం, భుజం ఆనిన చోట ఇంకాస్త లోతు పల్లం. మనిషి మాత్రం లేడు. తల పల్లం పక్కనే ఈ పుస్తకం ఉంది. వెనకవైపు గోడలో రెండు చెక్కలు ఊడదీసి మళ్ళీ ఆనించి ఉన్నాయని మామయ్య తర్వాత కనిపెట్టాడు. స్తంభం పట్టుకుని పాకి, అటునుంచి దూరేవాడన్నమాట.

ఎవరు అని ఎవరూ అడగలేదు. అట్ట మీద పేరుంది. యస్రీల్. మా తమ్ముడు. ఐదేళ్ళ క్రితం ఇల్లు వదిలి దేశాల మీదికి పోయినవాడు.

ఈ సంగతి ఇంటిది కాబట్టి మా ఆయన తన కుట్టుమిషను దుకాణానికి వెళ్ళిపోయాడు. మా వైపు మొగుళ్ళందరూ ఇల్లరికపు వాళ్ళే. మొద్దు మీద బూడిదలాంటివాడు అల్లుడు, ఊదితే పోతాడని మా ముసలమ్మల సామెత. ఇంటి విషయాలు మాట్లాడాల్సింది మేనమామ. ఆ మేనమామ ఇప్పుడు గుమ్మం దగ్గర, అమ్మకి మూడు బారల దూరంలో, సగం లోపలా సగం బయటా కూర్చున్నాడు. మా ఇంటి పెద్ద ఆయన. ఊళ్ళో దాతుక్ అని పిలుస్తారు. ఈ గడప దాటి లోపలికి రావడం ఐదేళ్ళలో ఇదే మొదటిసారి.

“మీ మామయ్యని అడుగు, కాఫీ ఆకుల కషాయం ఏమైనా తాగుతాడేమో” అంది అమ్మ నాతో.

“వద్దని చెప్పు” అన్నాడు మామయ్య నాతో.

ఇదీ వరస. ఐదేళ్ళుగా అన్నాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మధ్యలో నేను రాయబారిని. ఆ రోజు కాఫీకొట్టు దగ్గర, నలుగురు పెద్దమనుషులు కూర్చున్నచోట, పందొమ్మిదేళ్ళ యస్రీల్ నిలబడి, ఈ ఇంట్లో నాకేముంది అని మామయ్యని నిలదీశాడు. మామయ్య చెంప మీద ఒక్కటిచ్చాడు. మర్నాడు పిల్లాడు లేడు. నా కొడుకుని తరిమేసినవాడితో నాకు మాటల్లేవని అమ్మ ఆరోజే తేల్చేసింది. మామయ్య ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ప్రతి శుక్రవారం నమాజయ్యాక వచ్చి మెట్ల కింద కాసేపు కూర్చునేవాడు. అమ్మ పిలవదు, ఆయన ఎక్కడు. వానొస్తే తడుస్తూనే లేచి వెళ్ళిపోయేవాడు.

ఇవాళా వాన పడుతోంది. పొద్దున పదిన్నరకే హాలు చీకటిగా ఉంది. నేను కిటికీ దగ్గరికి జరిగి పుస్తకం తెరిచాను. ఈ పుస్తకమంటే నాకెందుకు భయమో నాకొక్కదానికే తెలుసు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది నా పని. దేవుడా, ఆ ఒక్క రోజు సంగతి ఇందులో రాసి ఉండకుండా చూడమని మనసులో వేడుకుని మొదలుపెట్టాను.

మొదటి పేజీలు ఉన్నవి ఉన్నట్టే చదివాను.

‘జాంబీ పట్నం. మన వైపువాళ్ళ హోటల్లోనే పని దొరికింది. ఎడంచేతి మీద పద్నాలుగు కంచాలు పేర్చి మోయగలుగుతున్నాను. పదిహేనోది పగిలింది. ఓనరు తిట్టలేదు. ఏ ఇంటివాడివని అడిగాడు. చెప్పాను. అంత పెద్ద ఇంటి బిడ్డవి ఇక్కడికెందుకొచ్చావన్నాడు. అంత పెద్ద ఇంట్లో నాకు గది లేదన్నాను. నవ్వాడు. ఆయనకీ లేదట.’

అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

‘పాలెంబాంగ్. నది ఒడ్డున కాలిబాట మీద బెల్టులు అమ్ముతున్నాను. ఇవాళ ఒక్కటీ పోలేదు. నేనే ఒకటి పెట్టుకున్నాను. అమ్మ చూస్తే నడుమేదిరా అంటుంది.’

‘దుమాయ్ రేవు. ఇక్కడ అందరికీ ఇల్లు ఎక్కడో ఉంది. నా పక్కన పడుకునే ముసలాయన రోజూ తన ఇంటి గదులు లెక్కపెడతాడు. నువ్వు చెప్పవేం అన్నాడు. మా ఇంట్లో ఐదు గదులు. నాకు ఏడేళ్ళు రాగానే చిన్న మసీదులో పడుకోమని పంపేశారు. అందరు మగపిల్లల్నీ పంపుతారు. మిగతావాళ్ళు ఏడవలేదు. నేను ఏడ్చాను. అక్క కిటికీలోంచి చూసి నాలుక బయటపెట్టి వెక్కిరించింది. దాని తప్పేం కాదు, దానికి పదకొండేళ్ళు. కానీ ఆ కిటికీ నేను మర్చిపోలేదు.’

ఈ చివరి నాలుగు ముక్కలూ నేను పైకి చదవలేదు. ఏడవలేదు, ఏడ్చాను, అంతవరకు చదివి పేజీ తిప్పేశాను. అంతే, పెద్ద తప్పేం కాదనుకున్నాను. చిన్నప్పటి వెక్కిరింత ఇప్పుడు ఎవరికి కావాలి.

“మీ మామయ్య గురించి ఏం రాయలేదా?” అంది అమ్మ.

రాశాడు. సరిగ్గా ఆ పేజీయే నా ముందుంది.

‘మామయ్య కొట్టిన దెబ్బ గురించి ఇక్కడ అందరికీ కథలాగా చెబుతాను. పడీపడీ నవ్వుతారు. నేనే మేనమామనైతే రెండు కొట్టేవాణ్ణి. పెద్దమనుషుల ముందు అలా అడగకూడదు. ఇల్లు వదిలింది ఆ దెబ్బకి కాదు. మామయ్యకి మాత్రం ఏముంది? అత్తయ్య పోయాక వాళ్ళ పిల్లలు నెమ్మదిగా ఆయన బట్టలు మూట కట్టి ఇచ్చారు. కాఫీకొట్టు వెనక బల్ల మీద పడుకుంటున్నాడు. ఊరికి పెద్ద, పడకకి బల్ల. ఆయన చెయ్యి నా చెంప మీద పడ్డప్పుడే వణికింది.’

ఇది చదివితే చాలు, మామయ్య ఇవాళ మళ్ళీ ఈ ఇంటి మనిషైపోతాడు. ఐదేళ్ళ శిక్ష ఒక్క పేజీతో తీరిపోతుంది. కానీ వెంటనే అమ్మ అడుగుతుంది. మరి ఎవరి మీద కోపంతో పోయాడు అని. అప్పుడు నేను తర్వాత పేజీలు చదవాలి.

గొంతు సవరించుకుని, నోటికొచ్చింది చదివాను.

“మామయ్య చెయ్యి నా చెంప మీద ఇంకా మండుతూనే ఉంది. చచ్చేదాకా మర్చిపోను.”

మామయ్య తల వంచుకున్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని అంచు సర్దుకుంటూ కూర్చున్నాడు.

“విన్నాడేమో అడుగు మీ మామయ్యని” అంది అమ్మ.

“విన్నానని చెప్పు” అన్నాడు ఆయన.

నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే సిగ్గుతో పాటు కాస్త తేలిక కూడా అనిపించింది. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది. మనిషి ఇంత తేలిగ్గా తన తప్పుని ఇంకొకరి నెత్తిన పెట్టేయగలడా అని నేనే ఆశ్చర్యపోయాను.

పేజీ తిప్పాను. పైన తేదీ మూడు నెలల కిందటిది. అక్టోబరు పదకొండు. రాసే ఉంచాడు.

‘బస్సు దిగేసరికి ఒళ్ళు కాలిపోతోంది. జోరువాన. మెట్ల దగ్గరికొచ్చి పిలిచాను. అక్క వచ్చింది. నన్ను చూసి ముందు వెనక్కి, ఇంట్లోకి చూసింది. అమ్మ ఇప్పుడే పడుకుందంది. నేను నాలుగో మెట్టు దాకా ఎక్కాను. ఐదో మెట్టు మీద అది నిలబడి ఉంది. పక్కకి జరుగుతుందేమోనని చూశాను. జరగలేదు. లోపల మీ బావగారున్నారు, నువ్వెళ్ళి చిన్న మసీదులో పడుకో, పొద్దున అమ్మకి నేను చెబుతానంది. ఆకులో అన్నం కట్టి ఇచ్చింది. చెయ్యి తగిలింది, జ్వరం తెలిసే ఉంటుంది.

‘చిన్న మసీదుకి కప్పు లేదు. విప్పి కొత్తది వేస్తున్నారు. గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి. మూలన మా ఇంటి అన్నపు గిన్నె బోర్లించి ఉంది. వడ్రంగులకి మధ్యాహ్నం అన్నం పంపింది అక్కే. కప్పు లేదని దానికి తెలుసు.’

తెలుసు. నేనే వండాను. ఆ పూటే వడ్రంగులకి ఎండుచేపలు వేయించి పంపాను. కప్పు విప్పుతుంటే చూసి దుమ్ముకి తుమ్మాను కూడా. మరి ఎలా అన్నానంటే, నోటి అలవాటు. మొగుడితో కాపురం ఉంటున్న అక్క ఇంట్లో పెళ్ళికాని తమ్ముడు పడుకోకూడదు. చిన్నప్పటి నుంచీ చీకటి పడగానే వాడికి నేను చెప్పే మాట అదొక్కటే, వెళ్ళు, చిన్న మసీదుకెళ్ళి పడుకో అని. అదే వచ్చేసింది నోట్లోంచి. లోపలికెళ్ళి తల ఒరగేశాక గుర్తొచ్చింది, అయ్యో కప్పు లేదు కదా అని. లేవలేదు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా, చిరిగిన చొక్కాతో వచ్చిన వాణ్ణి ఊళ్ళో ఎవరూ చూడకముందే వాడంతట వాడు వెళ్ళిపోతే ఇంటి పరువు దక్కుతుందని కూడా అనుకున్నాను. అబద్ధమెందుకు, అనుకున్నాను. తెల్లారి వెళ్ళి చూస్తే లేడు. ఎవరికీ చెప్పలేదు.

“ఏంటి ఆగిపోయావ్?” అంది అమ్మ.

“తడిసింది ఈ పేజీ. అక్షరాలు కలిసిపోయాయి.”

“తర్వాతది చదువు.”

తర్వాతది ముందు నాలో నేను చదువుకున్నాను.

‘నవంబరు మూడు. అక్క పనసకాయ వండింది. ఉప్పు చాల్లేదని బావ అన్నాడు. ఉప్పు నోట్లో ఉండాలి, కూరలో కాదు అంది అక్క. యస్రీల్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందా అని అమ్మ అడిగింది. రాలేదమ్మా అంది. ఆ మాట అనడానికి అది కాస్త కూడా తడుముకోలేదు.’

ఆ మాట నేను అన్నదే. గాదె ఇంటికి ముప్ఫై అడుగుల దూరం. ఇంట్లో అన్నాల దగ్గర అనుకునే మాట అక్కడికి వినపడదు.

‘నవంబరు పంతొమ్మిది. దగ్గు ఎక్కువైంది. పొద్దున అమ్మ కిటికీ దగ్గరికొచ్చి ఎవరది అంది. పలకలేదు.’

‘డిసెంబరు ఎనిమిది. మధ్యాహ్నం అక్క ఒక్కతే ఏడ్చింది. ఎందుకో తెలియలేదు. నాకోసం అయి ఉండదు.’

ఆ రోజు మా ఆయన దుకాణంలో ఉన్నాడు. అమ్మని పక్కింటామె తలంటు పోయడానికి తీసుకెళ్ళింది. నా గది తలుపు వేసుకుని, తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చాను. నేను ఏడ్చినట్టు ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు.

మా ఇల్లు స్తంభాల మీద ఉంది. కింద మనిషి వంగి నడిచేంత జాగా, చుట్టూ వెదురు తడికలు. ఒకప్పుడు పశువుల్ని కట్టేవారు. ఇప్పుడు కట్టెలు, పాత తలుపులు. ఎవరూ వెళ్ళం. గోడలకి చెవులుంటాయంటారు, మా ఇంట్లో నేలకి కూడా వచ్చాయి. నా గది కింద కూర్చుని విన్నాడు. మూడు నెలలు మా మాటలు విని, తెల్లారేలోగా గాదెలోకి పోయి పడుకున్నాడు. మేం తిన్నదీ, అన్నదీ, దాచిందీ అంతా కింద ఒకడు రాసుకుంటున్నాడు.

చివరి పేజీకి తిప్పాను. నిన్నటి తేదీ.

‘అమ్మ కంచం తోసేసింది. రేపు గాదె తెరుస్తారట. పుస్తకం అక్కడే వదిలేస్తాను. చదివేది అక్కే అయి ఉంటుంది. ఏం చదువుతుందో వినాలని ఉంది.’

నేను నేల వైపు చూశాను. చెక్కకీ చెక్కకీ మధ్య సన్నటి సందు. ఆ సందులో చీకటి తప్ప ఏమీ లేదు. వాన కాస్త నెమ్మదించింది. ఆ నెమ్మదిలో కింద ఎవరో దగ్గు ఆపుకుంటున్నట్టు అనిపించింది. ఆపుకున్న దగ్గుకి చప్పుడుండదు, అయినా నాకు వినిపించింది.

అంటే వాడు ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు. నేను మామయ్య చెయ్యి మండుతోందని కల్పించింది విన్నాడు. పేజీ తడిసిందన్నదీ విన్నాడు.

“అమ్మాయ్, ఇలా ఇవ్వు” అన్నాడు మామయ్య.

ఇవ్వకుండా ఎలా ఉండగలను? ఇంటి పెద్ద అడిగితే. లేచి వెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. జేబులోంచి అద్దాలు తీసి, లుంగీ అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. నిదానంగా చదివాడు. తన పేజీ చదివాడు. అక్కడ చాలాసేపు ఆగాడు. తర్వాత అక్టోబరు పదకొండు చదివాడు. అది చదివాక తలెత్తి నన్ను చూశాడు. తిట్టే చూపు కాదది. ఎదుటి మనిషి మోసే బరువు ఎంతుందో చూసే చూపు. చివరి పేజీ దాకా వెళ్ళనే లేదు, మూసేశాడు.

“మీ అమ్మతో చెప్పు” అన్నాడు నాతో. “నువ్వు చదివిందే రాసుంది. ఇంకా గట్టిగానే తిట్టాడు నన్ను. నువ్వే తగ్గించి చదివావు.”

“తిట్టడా మరి” అంది అమ్మ గోడకేసి.

నాకు అక్కడే నేల చీలిపోతే బాగుండనిపించింది. ఆయన సొంత పిల్లలు మూట కట్టి పంపేసిన మనిషి. ఐదేళ్ళుగా ఆయనకి చెల్లెలి గుమ్మం లేదు. తన మీద నింద లేదని ఇప్పుడే కళ్ళారా చదువుకున్నాడు. చదువుకుని, దాన్ని మూసి, మేనకోడలి కోసం మళ్ళీ ఆ నింద నెత్తిన పెట్టుకున్నాడు. నా కన్నా చిన్నది ఈ ఊళ్ళో ఏ ప్రాణీ లేదనుకున్నాను ఆ క్షణాన.

కింద కట్టె ఒకటి కదిలింది. మామయ్య వినలేదు. అమ్మ విన్నది. తల కొంచెం పక్కకి వాల్చింది.

“పిల్లా, పుస్తకం ఇటివ్వమను. మళ్ళీ చదువు. నాకు తనివి తీరలేదు” అంది.

మామయ్య ఇవ్వనని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నేను ఆయన ముందు కూర్చుని, వేళ్ళు విడదీసి తీసుకున్నాను. వద్దే అన్నాడు పెదాలతోనే. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఆయనే నాకు చిన్నప్పుడు చెప్పాడు. దాటనీ.

అమ్మ దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ముందు మామయ్య పేజీ చదివాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు. ‘ఇల్లు వదిలింది ఆ దెబ్బకి కాదు’ అన్నచోట అమ్మ నా మోకాలు పట్టుకుంది. చెయ్యి వణికిందన్న దగ్గర గుమ్మం వైపు తిరిగింది. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను. అక్టోబరు పదకొండు చదివాను. జ్వరం, వాన, నాలుగో మెట్టు, ఐదో మెట్టు, ఆకులో అన్నం, కప్పులేని చిన్న మసీదు, మా గిన్నె. అన్నీ చదివాను. గొంతు పెంచి చదివాను, కిందకి కూడా స్పష్టంగా వినపడేలా.

చదువుతుండగానే అమ్మ చెయ్యి నా మోకాలి మీద నుంచి జారిపోయింది.

“వచ్చాడా?” అంది.

“వచ్చాడమ్మా.”

“నేను పడుకోలేదు ఆ రోజు. ఎవరొచ్చారే అని అడిగాను నిన్ను. గుర్తుందా?”

“గుర్తుంది.”

“ఏం చెప్పావ్?”

నేను చెప్పలేకపోయాను. కుక్క అని చెప్పాను ఆ రోజు. కుక్క మెట్లెక్కుతుంటే అదిలించి వచ్చానని చెప్పాను. ఆవిడకి గుర్తుంది, నా నోటితో వినాలని అడిగింది. నేను నోరు తెరవకపోయేసరికి ఆవిడే తల ఆడించింది, చాల్లే అన్నట్టు.

తర్వాత నా వైపు తిరగలేదు. గుమ్మం వైపు తిరిగి, ఐదేళ్ళ తర్వాత మొదటిసారి, మధ్యలో నేను లేకుండా మాట్లాడింది.

“అన్నయ్యా, అక్కడ జల్లు కొడుతుంది. లోపలికి జరుగు.”

మామయ్య జరగలేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ పెద్దాయన భుజాలు కదలడం నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య పోయిన రోజు కూడా చూడలేదు.

చాలాసేపటికి అద్దాలు తుడుచుకుని అడిగాడు, చివరి పేజీలో ఏముందని. అప్పుడు నేను అది కూడా చదివాను. ‘ఏం చదువుతుందో వినాలని ఉంది.’ మామయ్య నేల వంక చూశాడు. అమ్మకి ఆశ్చర్యం లేదు. ఆవిడకి ముందే తెలిసిపోయిందనుకుంటా. అరచేయి నేల చెక్క మీద ఆనించి, పసివాడి వీపు నిమిరినట్టు నిమురుతోంది.

“నువ్వెళ్ళు అన్నయ్యా. వాణ్ణి తీసుకురా. నేను పిలిస్తే రాడేమో, వాడికి చోటివ్వని ఇల్లు నాదేగా” అంది.

మామయ్య మెట్లు దిగి, తడిక తొలగించుకుని కిందకి వెళ్ళాడు. మేమిద్దరం పైన. కింద ముందు మామయ్య గొంతు వినిపించింది. పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. అప్పుడు ఇంకో గొంతు, నా గది ఉన్న వైపు నుంచి. ఎంత బొంగురుపోయిందంటే నా తమ్ముడిదని ఒట్టేసి చెప్పలేను. మాటలు తెలియలేదు. మూడు నెలలు వాడు మమ్మల్ని విన్నాడు కానీ నాకు పైన ఉండి కింద మాట ఒక్కటీ అందలేదు.

అమ్మ అరచేయి ఇంకా నేల మీదే ఉంది. నేను ఆవిడ చేతిని పట్టుకోబోయాను. మెల్లగా తీసేసుకుంది. అన్న మీద ఐదేళ్ళు ఉంచిన ఆ మౌనం ఇప్పుడు నా వైపు తిరిగింది. అది ఎలా ఉంటుందో మధ్యలో నిలబడి చూశాను కాబట్టి నాకు బాగా తెలుసు. అది తీరడానికి ఈవిడ సొంత అన్నయ్యకే ఐదేళ్ళు పట్టింది.

మామయ్య ఒక్కడే పైకొచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. నా మొహం చూడకుండా, అమ్మకే చెప్పాడు.

“ఎముకలగూడు అయిపోయాడు. ఒళ్ళు వేడిగా ఉంది. ఎక్కుతానన్నాడు.”

“మరి ఏడీ?”

“ఒకటి అడిగాడు.” మామయ్య లుంగీకంటిన బురద దులుపుకున్నాడు. “అక్క దిగాక ఎక్కుతాడట. అది ఇంట్లో ఉండగా రాడట.”

మా ఇళ్ళల్లో ఆడపిల్లని దిగమనడం లేదు. మగాళ్ళు పోతారు, వస్తారు, పోతారు. ఇల్లు అమ్మమ్మది, అమ్మది, నాది. ఏడు తరాల్లో ఈ మెట్లు దిగి వెళ్ళిపోయిన కూతురు ఒక్కతి కూడా లేదు. ఆ మాట మామయ్యకి తెలుసు. అందుకే చెప్పేసి గోడకేసి తిరిగాడు. అమ్మ కాదంటుందని చూశాను. వాడికి మతి పోయిందనో, జ్వరంలో అంటున్నాడనో అంటుందని చూశాను.

అమ్మ గోడ పట్టుకుని లేచింది. తడుముకుంటూ నా గదిలోకి వెళ్ళింది. కాసేపు లోపల ఏవో సర్దుతున్న చప్పుడైంది. బయటికొచ్చినప్పుడు ఆవిడ చేతుల్లో నా చాప ఉంది. హాల్లో కూర్చుని, అంచులు సరిచూసుకుంటూ, దాన్ని గట్టిగా, ఒబ్బిడిగా చుట్టింది. నారతో కట్టింది. నా వైపుకి జరిపింది.